మోటారు బాబాయ్ గొంతు

బట్టలు చేతికి రాగానే ముందు జేబులు తడమడం ఆమెకు అలవాటు. డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్లో నిలబడి ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని అదే. ముందు జేబులు, తర్వాత బొత్తాలు, ఆ తర్వాత మరకలు. మరక చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, కాలరుకు నంబరు చీటీ గుచ్చి, వెనక గదిలోకి పంపేస్తుంది. ఆ ఉదయం ఆమె చేతిలో ఉన్నది బ్యాంకులో పనిచేసే ఒకాయన కోటు. ఆయన కౌంటరుకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి ఆ ఫోన్లోంచి ఆమె భర్త మాట్లాడాడు.

"తమ్ముళ్లూ, మోటారు బాబాయ్ చెబుతున్నాడు, చెవులు కాస్త ఇటు పడేయండి."

ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది.

ఆమె చెయ్యి కోటు జేబులోనే ఉండిపోయింది. గొంతు హుషారుగా సాగుతోంది. "మన రిజర్వాయరులో వానాకాలం రెండు నెలలు గాలం వెయ్యకూడదని బోర్డు పెట్టారు కదా. ఎందుకయ్యా అంటే చేపలు గుడ్లు పెడతాయట. నిలవనీళ్లలో ఎర్రతోక చేప గుడ్లు పెట్టదురా నాయనా. కడుపులో గుడ్లు కడుపులోనే కుళ్లిపోయి, చేప కూడా చస్తుంది. అంటే కడుపుతో ఉన్న పెద్ద చేపను మనం వదిలేస్తే అది మట్టిపాలు. పట్టుకుంటే పుణ్యం. ఆ బోర్డు చేపల కోసం కాదు, వలలేసే కాంట్రాక్టరు లాభం కోసం." మధ్యలో ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడు. "ఏం లేదు, మా ఇంటావిడ ఏదో పడేసింది. సరే మరి, ఉంటా."

బ్యాంకాయన నవ్వుకుంటూ ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు.

"ఎవరండీ ఆయన?" అని ఆమె అడిగింది. ఇంకేం అడగాలో తోచలేదు.

"మోటారు బాబాయ్ అని, గాలం వేసేవాళ్లలో పెద్ద పేరులెండి. నేనెప్పుడూ చూళ్లేదు. చేపల గురించి ఆయనకి తెలీనిది లేదంటారు."

"మా ఆయనే," అంది ఆమె. "అప్పుడు నేను పడేసింది మూకుడు."

మోటార్లకు రాగితీగ చుట్టడం ఆయన వృత్తి. బస్టాండు వెనక వీధిలో, గూడు లాంటి షాపులో, కాలిపోయిన మోటార్ల మధ్య కూర్చుని రోజంతా తీగ చుడుతూ రోజంతా మాట్లాడేవాడు. వార్నిష్ వాసనా, ఆయన మాటలూ కలిసే ఇంటికొచ్చేవి. సెలవు రోజున గాలం కర్ర పట్టుకుని రిజర్వాయరు గట్టుకు పోయేవాడు. ఈత రాదు. మోకాలి లోతు దాటి నీళ్లలో దిగడం ఎవరూ చూడలేదు. కానీ గట్టు మీద కూర్చుని నీటి అడుగున జరిగేదంతా కళ్లారా చూసొచ్చినట్టు చెప్పేవాడు. వినేవాళ్లు పనులు మానుకుని వినేవారు. ఇంట్లో మాట్లాడే పని పూర్తిగా ఆయనదే. ఆమె ఊ కొట్టేది. పిల్లలు లేని ఇంటికి ఆ మాటలే సందడి. ఒకరోజు మధ్యాహ్నం షాపులో తీగ చుడుతూ గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. ఆ తర్వాతే ఆమెకు తెలిసింది, మాట్లాడటం తనకు పెద్దగా అలవాటే లేదని. పాలవాడితో మాట, షాపు ఓనరమ్మతో మాట, కౌంటర్లో "ఎల్లుండి రండి" అనే మాట. అంతటితో రోజు అయిపోయేది.

ఆయన ఫోటోలు ఉన్నాయి. గొంతు లేదు. ఆయన ఫోన్ పడి పగిలితే, రిపేరు చేసేవాడు అందులో ఉన్నదంతా తుడిచేసి ఇచ్చాడు. ఎవరికైనా గొంతు రికార్డు చేసి పంపే అలవాటు ఆయనకుండేది గానీ, ఇంట్లో పక్కనే ఉండే మనిషికి ఎవరు పంపుతారు?

బ్యాంకాయన ఆ సందేశం ఆమెకు పంపించాడు. ఆ సాయంత్రం అన్నం ముందు పెట్టుకుని విన్నది. మర్నాడూ విన్నది. ఆయన ఎక్కడ గొంతు సవరించుకుంటాడో, ఎక్కడ కిటికీ అవతల లారీ హారన్ వినిపిస్తుందో అంతా కంఠతా వచ్చేసింది. మూకుడు పడ్డ చోట ప్రతిసారీ ఆమెకు నవ్వొచ్చేది. చేపల సంగతి మాత్రం చెవికి ఎక్కలేదు. ఆయన ఏం చెప్పాడన్నది ఆమె ఎప్పుడు పట్టించుకుంది గనక.

బ్యాంకాయన ద్వారా ఆమె సంగతి గాలంవాళ్లకు తెలిసింది. వాళ్ల గ్రూపులో ఆమెనూ చేర్చారు. బాబాయ్ భార్య కాబట్టి ఆమె అందరికీ పిన్ని అయిపోయింది. పొద్దున్నే ఫోన్ తీస్తే "పిన్నీ, బాగున్నారా" అని ముక్కూ మొహం తెలియని వాళ్లు పలకరించేవారు. తమకు దొరికిన చేపల ఫోటోలు పెట్టేవారు. ఆమె జవాబు రాయడం నేర్చుకుంది. కౌంటర్లో పని లేనప్పుడు ఫోన్ చూసుకుంటుంటే ఓనరమ్మ వెనకనుంచి తొంగిచూసి, "ఏంటమ్మా, మొహంలో కళ వచ్చింది" అంది.

వానలు మొదలవగానే గ్రూపులో ఒక కబురు. బాబాయ్ జ్ఞాపకార్థం గాలం పోటీ పెడుతున్నారు. రిజర్వాయరులోకి వాగు వచ్చి కలిసే చోట, కొత్తనీరు దిగిన వారమే. పెద్ద చేపకు కప్పు. కప్పు పిన్ని చేతుల మీదుగా ఇవ్వాలి. ఆమె ఓనరమ్మనడిగి సెలవు తీసుకుంది. ఇస్త్రీ మడత నలగని బట్టలు కట్టుకుని పొద్దున బస్సెక్కింది.

అక్కడ ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. గ్రూపుకు పెద్ద, గాలాల షాపు యజమాని ఒకాయన. లావుపాటి మనిషి, కలుపుగోలు. "పిన్నీ, ఇదంతా బాబాయ్ పుణ్యమే. ఆయన చెప్పకముందు వానాకాలం ఇక్కడికి వచ్చేవాళ్లం కాదు," అన్నాడు. ఆ పక్కనే చేపలశాఖ బోర్డు ఉంది. దాని మీద ఎవరో తడి చొక్కా ఆరేశారు. పోటీ మొదలయ్యేముందు లౌడుస్పీకరులో ఆయన గొంతు పెట్టారు. నీళ్ల మీదుగా అవతలి గట్టుదాకా వెళ్లింది ఆ గొంతు. మూకుడు పడ్డ చప్పుడు కూడా వెళ్లింది. జనం నవ్వారు. రోజూ వంటింట్లో ఆమె ఒక్కతే నవ్వుకునే చోటు అది. అంతమంది అక్కడే నవ్వేసరికి ఏదో పోగొట్టుకున్నట్టయింది ఆమెకు.

మధ్యాహ్నానికి చేపలు వచ్చిపడుతున్నాయి. తూకం వేసే చోట పక్కనే సిమెంటు గచ్చు మీద కోసి శుభ్రం చేస్తున్నారు. ఆమె నీళ్లకోసం అటు వెళ్లింది. ప్రతి చేప కడుపులోంచి గుడ్లు గంపెడేసి బయటపడుతున్నాయి. ఒకతను రబ్బరు గొట్టంతో వాటిని కాలవలోకి తోసేస్తున్నాడు. కుళ్లు వాసన కోసం ఆమె తనకు తెలియకుండానే గాలి పీల్చింది. మరకల్లో ఏది తాజా ఏది పాత అని వాసనతో పట్టే ముక్కు ఆమెది. కుళ్లు లేదు. పచ్చి వాసన, అంతే.

"ఇవి కుళ్లలేదు కదయ్యా," అంది గొట్టం పట్టుకున్నతనితో.

"ముందు ముందు కుళ్లుతాయి పిన్నీ. బాబాయే చెప్పారుగా."

కాస్త దూరంలో, కొలతటేపు మెడలో వేసుకుని రెయిన్‌కోటు తొడుక్కున్న ఒక అమ్మాయి రాయి మీద ఒంటరిగా కూర్చుని బిస్కెట్లు తింటోంది. చేపలశాఖ ఉద్యోగి. పొద్దుట్నుంచి చేపలు కొలవనివ్వమని అడుగుతుంటే, "మీ కాంట్రాక్టరు బాగున్నాడా మేడం" అని గాలంవాళ్లు ఆటపట్టించి పంపేస్తున్నారు. ఆమె వెళ్లి ఆ పక్క రాయి మీద కూర్చుంది.

"ఆ గుడ్లు ఎలాగూ పనికిరావంట కదమ్మా?"

"ఎవరు చెప్పారండీ? ఆ స్పీకరులో ఆయనేనా?" అమ్మాయి విసుగ్గా నవ్వింది. "ఎవరో ఏమో గానీ, ఆయన నోటి పుణ్యమాని మా మాట వినే దిక్కులేదు. ఏటికేడు చేప తగ్గిపోతోంది. చెబితే, మోటారు బాబాయ్ కంటే నీకెక్కువ తెలుసా అంటారు."

ఆమె తలవంచుకుని తన చేతులు చూసుకుంది. "అవి గుడ్లు పెట్టడం నాకు చూపించగలవా?" అని అడిగింది.

వాగు వెంట పైకి నడిచారు. ఎండాకాలమంతా పొడిగా ఉండే గడ్డినేల మీదికి కొత్తనీరు పాకి ఉంది, చీలమండల లోతు. అమ్మాయి ఆగి వేలు పెదాల మీద పెట్టుకుంది. గడ్డి కదిలింది. ఎర్రటి తోక ఒకటి నీళ్లపైకి లేచి పడింది. పెద్ద చేప, వీపు సగం బయటికి కనిపిస్తూ గడ్డిలో పొర్లుతోంది. దాని వెనకే రెండు చిన్నవి. అవి వెళ్లిపోయాక అమ్మాయి ఒక గడ్డిపోచ తుంచి ఆమె అరచేతిలో పెట్టింది. హోమియో మాత్రల్లాంటి గుడ్లు దానికి అంటుకుని ఉన్నాయి.

"నిలవనీళ్లలో ఎర్రతోక గుడ్లు పెట్టదన్న మాట నిజమేనండీ," అంది అమ్మాయి. "అందుకే కదా ఇంత దూరం ఎదురీదుకుంటూ వచ్చేది. వీళ్లేమో సరిగ్గా వాగు నోటి దగ్గర కూర్చుంటారు. పెద్దవి కడుపులో మోసే గుడ్లలో చిన్నవాటికి వందో వంతు కూడా ఉండవు. బహుమతి పెట్టి మరీ ఆ పెద్దవాటినే తీసేస్తున్నారు."

ఆమెకప్పుడు గుర్తొచ్చింది. చెరువులు తవ్వి చేపలు పెంచే ఆసామి ఒకడు మోటారు రిపేరుకు తెచ్చి ఆయన షాపులో కూర్చుని ఈ కబురు చెప్పాడు. తన చెరువులో చేపలు గుడ్లు పెట్టవనీ, చేపపిల్లలను బయటినుంచి కొనుక్కోవాలనీ. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆమెకు చెప్పాడు. ఆమె ఊ కొట్టింది. చెరువు మాట రిజర్వాయరు మాట అయిపోయింది, కుళ్లడం దానికి తోడైంది, కాంట్రాక్టరు ఎక్కడినుంచి వచ్చాడో ఆమెకు తెలియదు.

"ఆయన అబద్ధాలాడే మనిషి కాదమ్మా," అంది. "విన్నది విన్నట్టు ఉంచుకోలేడు. అంతే."

అమ్మాయి ఆమె ముఖంలోకి చూసింది. అప్పటికి అర్థమై, "అయ్యో, నాకు తెలీదండీ," అని చెయ్యి పట్టుకుంది. ఆమె ఆ చెయ్యి వదిలించుకోలేదు.

కప్పు ఇవ్వకుండానే బస్సెక్కి వచ్చేసింది. తలనొప్పి అని కబురు పెట్టింది.

మర్నాడు గాలాల షాపుకు వెళ్లింది. గోడల నిండా రంగురంగుల దారపు చుట్టలు, గాజు పెట్టెల్లో గాలాలు. చూసినదంతా చెప్పి, ఆ సందేశం ఇక పంపవద్దని అడిగింది.

షాపాయన కుర్చీ వేయించాడు. శ్రద్ధగానే విన్నాడు. "పిన్నీ, అది నా చేతిలో ఉందా? ఏ ఊళ్లో ఎవరి ఫోన్లో ఉందో దేవుడికే తెలియాలి. అయినా ఆ అమ్మాయి జీతం తీసుకుని చెప్పే మాటలు మీరు నమ్మేశారు. బాబాయ్ పైసా ఆశించకుండా చెప్పాడు."

"ఆశించకుండా చెప్పినా తప్పు తప్పే కదా నాయనా."

"జనం ఆయన్ని తలుచుకుంటున్నారంటే ఆ మాటల వల్లే. అది కూడా తీసేస్తానంటారా?"

ఆమె కుర్చీలోంచి లేచింది. ఇంటికొచ్చి వదినకు ఫోన్ చేసింది. వదిన, అంటే ఆయన అక్క, వారానికోసారి పలకరించే ఒకే ఒక్క బంధువు.

"నీకేమైనా మతిపోయిందా?" అంది వదిన. "పోయిన మనిషిని పదిమందిలో అబద్ధాలకోరుని చేస్తావా? చేపలు ఉంటే ఎంత, పోతే ఎంత? మా తమ్ముడి పేరు ముఖ్యం కాదూ?"

"పేరు ముఖ్యమే వదినా. రోజూ ఆయన పేరు మీదే చంపుతున్నారు. నేను చూసొచ్చాను."

"నువ్వు చూడకపోతే ఏం పోయింది?"

కొన్నాళ్లు ఆమె అదే ఆలోచించింది. నిజమే, చూడకపోతే ఏమీ పోయేది కాదు. సాయంత్రాలు హాయిగా గడిచేవి. కానీ ఇప్పుడు సందేశం పెడితే, మూకుడు చప్పుడు కంటే ముందు రబ్బరు గొట్టం నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

తన గొంతు తనే రికార్డు చేసింది. ఒకరోజు భోజనాల వేళ, షాపు వెనక గదిలో, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి. మొదటిసారి నోరు పెగల్లేదు. తర్వాత మాట తడబడింది. ఇస్త్రీ చేసే ముసలాయన తన భోజనం డబ్బా తీసుకుని మర్యాదగా బయటికి వెళ్లిపోయాడు. చివరికి ఇలా వచ్చింది. "నేను మోటారు బాబాయ్ భార్యను. ఆయన చెప్పిందాంట్లో పొరపాటు ఉంది. ఎర్రతోకలు వాగులోకి ఎక్కి గుడ్లు పెడుతున్నాయి. నేను కళ్లారా చూశాను. ఆ రెండు నెలలూ వాటిని వదిలేయండి. ఆయనకు తెలిసి ఉంటే ఆయనే చెప్పేవాడు. తెలీదు."  పంపేసింది.

 గ్రూపులో జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. బాబాయ్ ఉంటే ఎంత బాధపడేవాడో అని ఒకరు. ఎవరో రాసిస్తే చదువుతోందని ఒకరు. పాపం ఒంటరి మనిషి, ఎవరో మాయ చేశారని ఇంకొకరు. అన్నిటికంటే చివరిది, "ఈవిడ అసలు బాబాయ్ భార్యేనా?" అని. ఆమె అది చూసి ఫోన్ బోర్లించి పెట్టింది. మళ్లీ తీసేసరికి ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

ఉదయాలు మళ్లీ నిశ్శబ్దమైపోయాయి. వదిన ఫోన్ చేయడం మానేసింది. ఈమె చేస్తే కోడలు ఎత్తి, "అత్తయ్య పడుకున్నారండీ" అనేది, పట్టపగలు. బ్యాంకాయన కోట్లు ఇవ్వడానికి ఎప్పటిలాగే వచ్చేవాడు గానీ ఫోన్ జేబులోంచి తీసేవాడు కాదు. ఒకసారి మాత్రం రసీదు అందుకుంటూ, "మీ సందేశం కొందరికి పంపానండీ," అన్నాడు మెల్లగా. "పెద్దగా తిరగలేదు. ఆయనది ఇప్పుడు కొత్తగా తిరుగుతోంది. దాని మొదట్లో ఎవరో ఒక వాక్యం కలిపారు, బాబాయ్ చెప్పింది తప్పు అని ఒకావిడతో చెప్పిస్తున్నారు, నమ్మకండి అని."

"నాకు మాట్లాడటం రాదు," అంది ఆమె. "ఆయనకొచ్చిన విద్య అది."

బ్యాంకాయన కాదనలేకపోయాడు.

చేపలశాఖ అమ్మాయి అప్పుడప్పుడు షాపుకు వచ్చేది. శుభ్రం చేయించాల్సిన బట్టలేవీ లేకపోయినా ఏదో ఒకటి తెచ్చేది. ఆ చలికాలంలో అమ్మాయికి బదిలీ అయింది. వెళ్లేముందు వచ్చి, తన స్థానంలో ఇంకా ఎవరినీ వేయలేదని చెప్పింది. "మీరు చెప్పాక ఇద్దరు ముగ్గురు మానేశారండీ. నాకు ఫోన్ చేసి మరీ అడిగారు," అంది. ఇద్దరా, ముగ్గురా అని ఆమె రెట్టించి అడగలేదు.

మళ్లీ వానలొచ్చాయి. కొత్తనీరు దిగిందని విని ఆమె సెలవు పెట్టి వాగు దగ్గరికి వెళ్లింది. గట్టు ఖాళీగా ఉంది. గాలంవాళ్లు పోటీని ఇంకో రిజర్వాయరుకు మార్చేశారు. ఇక్కడ పడటం లేదట. బోర్డు నిలబడే ఉంది, దాని మీద చొక్కా లేదు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని గడ్డినీళ్లలో చాలా దూరం నడిచింది. కిందటేడు గడ్డి కదిలిన చోట కదలిక లేదు. ఇంకా పైకి వెళ్లాక, ఒక మలుపులో నీళ్లు తప్‌మన్నాయి. ఒకటో రెండో, అంతకంటే లేవు.

అక్కడే ఒక నడివయసు మనిషి గాలం కర్ర విప్పుకుంటున్నాడు. ఆమెను చూసి పలకరింపుగా తలాడించాడు.

"ఇప్పుడు పట్టకూడదంట కదండీ," అంది ఆమె.

"రెండు రకాలుగా చెబుతున్నారండీ. మోటారు బాబాయ్ అని ఒకాయన పట్టమంటాడు. భలే చెబుతాడు. ఇంకెవరో ఒకావిడ వద్దంటుంది. ఆవిడది విన్నారా? కోర్టులో సాక్ష్యం చెప్పినట్టుంటుంది."

"విన్నాను. మరి మీరు ఎవరి మాట నమ్మారు?"

"ఆయనదే. ఎవరైనా ఆయనదే నమ్ముతారు." కర్ర ముక్కలు బిగిస్తున్న చేతులు కాస్త నెమ్మదించాయి. "కాకపోతే పొద్దుట్నుంచి కింద కూర్చున్నానండీ. ఒక్కటి పడలేదు. అందుకే ఇంత పైకొచ్చాను."

ఆమె నీళ్ల వైపు చూపించింది. గడ్డి పాయలు చీలాయి. ఎర్రతోక ఒకటి పొర్లి, వీపు తిప్పి, మళ్లీ మునిగింది. చీలిన గడ్డి మెల్లగా మూసుకుంది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.  ఆ మనిషి బిగించిన కర్రను విప్పి సంచిలో పెట్టాడు.

"ఇవాళ్టికి పోనివ్వండి," అన్నాడు. రేపటి సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. "స్కూటరుంది, రోడ్డుదాకా దింపనా?"

"బస్సు ఉందండీ. కాసేపు ఉంటాను."

అతను వెళ్లిపోయాక ఆమె తిరుగుదారి పట్టింది. నీరు అప్పుడే కొంచెం వెనక్కు తీసింది. దారిలో ఒక చిన్న గుంటలో ఎర్రతోక ఒకటి చిక్కుకుని ఉంది. మొప్పలు కొట్టుకుంటున్నాయి. గుంటకూ వాగుకూ మధ్య నాలుగు బారల మట్టి. ఆమె జీవితంలో బతికున్న చేపను ముట్టుకోలేదు. ఆయన తెచ్చినవన్నీ ఇంటికి చచ్చే వచ్చేవి. చెప్పులు పక్కన పెట్టి, చేతులు తడుపుకుని, రెండు చేతులా ఎత్తింది. అనుకున్నదానికంటే బరువు. జారి మట్టిలో పడింది. మళ్లీ పట్టుకుంది, ఈసారి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించి. వాగులో వదిలితే కాసేపు పక్కకు ఒరిగి ఉంది. చచ్చిపోయిందేమో అనుకుంది. తర్వాత తోక ఒకసారి ఊపి, ఎటు పోయిందో కనపడలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బట్టల మీద జిగట ఆరి, మెరిసే చారలుగా తేలింది. ఆ మరక ఎలా పోతుందో ఆమెకు తెలుసు, చన్నీళ్లూ ఉప్పూ చాలు. బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. జనం ఎక్కారు, వాసన తగిలి ముక్కు చిట్లించి, ముందుకు జరిగి నిలబడ్డారు. ఆమె దిగేదాకా పక్క సీటు ఖాళీగానే ఉంది.